యార్డు బావగారి వంతు

జనవరి 9

రంగుల బావగారికి నమస్కారాలు.

"మేమంతా క్షేమం" అని మొదలుపెట్టడం చేతికి అలవాటైపోయింది. రెండుసార్లు రాసి కొట్టేశాను. నేను తప్ప మిగతావాళ్లు క్షేమం అని చదువుకోండి. మీ అబ్బాయి డిపోలో బస్సుల కింద పడుకుని బోల్టులు బిగించి వస్తున్నాడు. మా అమ్మాయి కళ్లజోళ్ల షాపులో పగలంతా ఊరివాళ్ల చేత అక్షరాలు చదివించి, సాయంత్రం ఇంటికొచ్చి నా మొహం చదువుతోంది.

చెల్లెమ్మగారు నాతో ఫోన్‌లో మాట్లాడాలన్నారట. ఉద్యోగమంతా రైల్వే యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి గుద్దుకునే మోత పక్కన నిలబడ్డ చెవులు ఇవి. ఫోన్ పెట్టుకుంటే నాకు వినపడేది నా రక్తం పారే చప్పుడొక్కటే. కాబట్టి ఉత్తరమే దిక్కు.

విషయానికి వస్తాను. నా క్లోమంలో ఉన్న గడ్డ పెద్ద రక్తనాళాన్ని కౌగిలించుకుని కూర్చుందనీ, కోసి తీయడానికి వీల్లేదనీ మీకు తెలుసు. ఇన్నాళ్లూ కీమో ఎక్కించారు. గడ్డ పెరగలేదు, తరగలేదు. ఇప్పుడు డాక్టరమ్మ ఒక పరిశోధనలో చేరతారా అని అడిగింది. ఇమ్యునోథెరపీ అనే మందు. మన ఒంట్లో కాపలావాళ్ల చేతులకు ఉన్న కట్లు విప్పే మందట. దాన్ని రేడియేషన్‌తో పాటే ఇవ్వాలా, రేడియేషన్ అయ్యాక కొన్నాళ్లు ఆగి ఇవ్వాలా అన్నది ఎవరికీ ఇంకా తేలలేదు. అందుకని కొందరికి అలా, కొందరికి ఇలా ఇచ్చి చూస్తారు. ఎవరు ఎటో కంప్యూటరు చీటీ తీస్తుంది. నాకు "తర్వాత" అని వచ్చింది.

సంతకం పెట్టాను. చెల్లెమ్మగారికి మెల్లగా చెప్పండి.

ఉంటాను,
యార్డు బావ


జనవరి 17

యార్డు బావగారికి,

మీ ఉత్తరం వచ్చేసరికి నేను నిచ్చెన మీద ఉన్నాను. ఈ వయసులో నిచ్చెన ఏమిటని అడగకండి. మీ చెల్లెమ్మ అడిగిన అడుగుడుకే సగం మెట్లు దిగాను, మీ ఉత్తరంతో మిగతా సగం దిగాను.

"తర్వాత" ఏమిటండీ? మందు ఉందంటారు, మంచిదంటారు, మీ దగ్గరకొచ్చేసరికి తర్వాత అంటారా? బస్సు వెళ్లిపోయాక టికెట్టు చేతిలో పెట్టినట్టుంది. మీరు సంతకం పెట్టి రావడం ఇంకా బాగుంది. పెళ్లిచూపులనాడే అనుకున్నాను, ఈయన ఎవరేమన్నా తలూపే మనిషని. వినపడక ఊపుతున్నారని తర్వాత తెలిసిందనుకోండి.

నాకేం తెలుసని అనకండి. నేను బడికి వెళ్లింది తక్కువే గానీ చదువు మాత్రం మానలేదు. ఎవరింట్లో రంగు వేసినా నేల మీద పాత పేపర్లు పరుస్తాం కదా, గోడకి ఒక పూత, పేపర్లో ఒక పేరా, అలా చదువుకున్నాను. చంద్రుడి మీద దుమ్ము ఎలా ఉంటుందో, తిమింగలం ఎందుకు పాడుతుందో, రాజుల మధ్య తగాదాలు ఎక్కడ మొదలయ్యాయో అన్నీ నేల చూపులతోనే నేర్చుకున్నాను. ఒకసారి ఒక ప్లీడరు గారి హాల్లో రంగు వేస్తూ ఒక హత్య కేసు చదువుతున్నాను. తీర్పు దగ్గరకొచ్చేసరికి ఆయన భార్య ఆ పేపరు మీద బక్కెట్టు పెట్టేసింది. హంతకుడెవరో ఇప్పటికీ నాకు తెలియదు. ఆవిడ మీద నాకు అనుమానం అలాగే ఉండిపోయింది.

ఎక్కడున్నాం? ఆ, పేపరు. పోయిన నెలలోనే ఒక మేడ మెట్ల దగ్గర ఈ ఇమ్యునోథెరపీ గురించి చదివాను. "కేన్సర్ వైద్యంలో అద్భుతం" అని పెద్ద అక్షరాల్లో ఉంది. కాబట్టి నేను ఊరుకోలేదు. ఇక్కడ ఒక క్లినిక్కు ఉంది, తలుపులకు నేనే పాలిష్ పెట్టాను. అక్కడి డాక్టరు వచ్చే వారమే ఆ మందు ఎక్కిస్తానన్నాడు. మంచం కూడా మాట్లాడేశాను, కిటికీ పక్కది. అబ్బాయితో చెప్పి బయల్దేరండి. మీ చెల్లెమ్మ మీ గది సర్దుతోంది. "తర్వాత" అంటే డాక్టర్లు చేతులెత్తేశారని ఆవిడ తీర్మానించుకుని, సర్దుతూ ఏడుస్తోంది. ఏడుస్తూ నన్ను తిడుతోంది.

మీ రాక కోసం చూసే,
రంగుల బావ


జనవరి 26

రంగుల బావగారికి,

మీ మంచం మీద మీరే పడుకోండి.

మీరు మెట్ల దగ్గర చదివిన ఆ పేపరు మీద రంగు చుక్క ఎక్కడ పడింది? "అద్భుతం" కిందే పడి ఉంటుంది. ఆ చుక్క కింద ఏముందో నేను చెబుతాను. నేనూ డాక్టరమ్మను అదే అడిగాను: "అంత మంచి మందయితే ఇప్పుడే ఇవ్వమ్మా, దాచుకోవడం దేనికి?" ఆమె నా చెవిలో అరిచీ అరిచీ, చివరికి కాగితం తీసుకుని బొమ్మ గీసింది. కొన్ని రకాల కేన్సర్లలో ఆ మందు బాగా పనిచేస్తుందట. మా రకం గడ్డ చుట్టూ గోడ కట్టుకుని కూర్చుంటుంది. కాపలావాళ్లు లోపలికి వెళ్లరు, వెళ్లినా దొంగ ఎవరో పోల్చుకోరు. కొద్దిమంది గడ్డల్లో ఒక గుర్తు ఉంటుంది, వాళ్లకు మందు ఒక్కటే పనిచేయొచ్చు. నా గడ్డలోంచి తీసిన ముక్కను పరీక్ష చేశారు, ఆ గుర్తు లేదు. మీ పాలిష్ తలుపుల డాక్టరు ఆ సంగతి అడిగాడా?

రేడియేషన్ దెబ్బకు గడ్డ కొంత చితికితే దాని ముక్కలు బయటపడతాయి. అప్పుడు కాపలావాళ్లకు దొంగ మొహం తెలుస్తుందేమోనని ఆశ. ఏ క్షణాన కట్లు విప్పాలి అన్నదే ప్రశ్న. ముందే విప్పితే ఎవరిని కొట్టాలో తెలియదు, మరీ ఆలస్యమైతే వాళ్లే అలసిపోతారు. "మరి ఎప్పుడు విప్పితే మంచిదమ్మా?" అంటే, "తెలిస్తే ఈ పరిశోధన ఎందుకండీ?" అంది. నాకు ఆ మాట నచ్చింది. తెలియదని చెప్పిన డాక్టరును మొదటిసారి చూశాను.

యార్డులో నా పనంతా ఏ పెట్టె ముందు, ఏ పెట్టె వెనక అన్నదే కదా. ఉన్నవి అవే పెట్టెలు. వరస తప్పితే మాత్రం ఏదీ చేరాల్సిన చోటికి చేరదు. కాబట్టి నన్ను నా లైన్లో ఉండనివ్వండి. ఇకమీద నా ఒంటి విషయంలో మీరు జోక్యం చేసుకోవద్దు.

చెల్లెమ్మగారిని ఏడవొద్దనండి. చేతులెత్తేయలేదు, ఒక చెయ్యి ఇంకా జేబులోనే ఉంది.

యార్డు బావ


ఫిబ్రవరి 4

బావగారికి,

మంచం వదిలేశాను. వేరెవరో పడుకున్నారు, కిటికీ తీయమంటున్నారట.

మీ ఆజ్ఞ శిరసావహిస్తున్నాను. ఇకపై మీ ఒంటి గురించి ఒక్క ముక్క ఎత్తను. ఈ వారం ఒక బడి ప్రహరీకి సున్నం కొట్టిస్తున్నాం. పనివాళ్లు కొత్తవాళ్లు. కుంచె పట్టుకున్న తీరు చూస్తే పళ్లు తోముకుంటున్నారేమో అనిపిస్తుంది. గోడ మాత్రం మంచిది, ఎదురు చెప్పదు.

రంగుల బావ


ఏప్రిల్ 12

రంగుల బావగారికి,

మీ నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. బడి ప్రహరీ, ఆ తర్వాత ఎవరిదో బాల్కనీ, ఆ తర్వాత వార్నిషు ధర. "ఎలా ఉన్నారు" అన్న మాట ఎక్కడా లేదు. వియ్యంకుడు పోతాడులే అని ముందుగానే అలవాటు పడుతున్నారా?

అడగకపోయినా చెబుతాను. రేడియేషన్ అయింది. రోజూ ఒక బల్ల మీద పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, అందరూ గదిలోంచి పారిపోయేవారు. అంత మర్యాద నాకు ఉద్యోగంలో ఎప్పుడూ దక్కలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు ఊరికే ఆగాను. అదే కష్టం బావగారూ. ఒంట్లోకి ఏదో ఎక్కిస్తుంటే పోరాడుతున్నట్టు ఉంటుంది. ఊరికే కూర్చుంటే గడ్డ ఒక్కటే పనిచేస్తున్నట్టు ఉంటుంది.

రెండు వారాల కిందట, మంగళవారం, నా వంతు వచ్చింది. ఒక చిన్న సంచిలో నీళ్లలాంటి మందు. దీని కోసమా ఇన్ని నెలలు అనిపించింది. నర్సు ఎదురుగా కూర్చుని, పెదాలు కనిపించేలా నెమ్మదిగా చెప్పింది: "దద్దురు గానీ, దగ్గు గానీ, విరేచనాలు గానీ మొదలైతే ఆ రోజే చెప్పాలి. కాపలావాళ్ల కట్లు విప్పాం కదా తాతగారూ, ఒక్కోసారి వాళ్లు ఇంటివాళ్లనే కొడతారు."

నా పక్క కుర్చీలో ఒకాయన, ఎండలోనూ గొడుగుతో వస్తాడు, అందరూ గొడుగు మాస్టారంటారు. ఆయనకు ఒళ్లంతా దద్దురు లేచింది, చెప్పాడు, మందు ఆపేశారు. తర్వాతి మంగళవారం నేను రక్తపరీక్షకు వెళ్తే ఆ కుర్చీలో వేరే ఆయన కూర్చున్నాడు. గొడుగు లేదు.

యార్డు బావ


ఏప్రిల్ 20

బావగారూ,

మీరు నన్ను చంపారు. జోక్యం వద్దని రాసింది మీరే కదా! అడిగితే కోపం వస్తుందని గోడల గురించి రాశాను. బాల్కనీ గురించి ఎవడైనా మనస్ఫూర్తిగా రెండు పేజీలు రాస్తాడా? ప్రతి ఉత్తరం ముందు ఒక చిత్తు కాగితం ఉండేది. దాని నిండా "ఎలా ఉన్నారు", "ఏం తిన్నారు", "నిద్ర పడుతోందా" అని రాసేవాణ్ణి. దాన్ని చింపేసి, వార్నిషు ధర రాసి పంపేవాణ్ణి. మీ చెల్లెమ్మ ఆ ముక్కలు ఊడుస్తూ, "ఇవే అతికించి పంపొచ్చుగా, మొద్దు మనిషీ" అనేది.

ఇప్పుడు మాటిస్తున్నాను. మీరు ఏం రాసినా నా దగ్గరే ఉంటుంది. అబ్బాయికి చెప్పను, కోడలికి చెప్పను, ఆఖరికి మీ చెల్లెమ్మకు కూడా చెప్పను. పిల్లల ముందు ధైర్యంగా ఉండాలి, నాకు తెలుసు. నా ముందు అక్కర్లేదు. వియ్యంకుడి మాట ఇది, తిరుగులేదు. రాయండి.

మీ రంగుల బావ


మే 27

రంగుల బావగారికి,

మీ మాట మీద భరోసాతో రాస్తున్నాను. అమ్మాయికి తెలియకూడదు.

రెండో విడత మందు ఎక్కింది, మూడోది కూడా. తర్వాత కడుపు పట్టు తప్పింది. మొదట్లో ఏదో తిన్నది పడలేదనుకున్నాను. ఇప్పుడు కూర్చున్న చోట కూర్చోనివ్వడం లేదు. నీళ్లలా పోతోంది, కొద్దిగా నెత్తురు జీర కూడా. అమ్మాయి షాపుకు వెళ్లేదాకా బిగబట్టుకుంటాను, తను రాగానే పడుకున్నట్టు నటిస్తాను. నిన్న అల్లుడు "మామయ్యా, చిక్కిపోయారు" అంటే, వినపడనట్టు తలూపాను. చెవుడు ఇన్నాళ్లకు పనికొచ్చింది.

నర్సు చెప్పింది మర్చిపోలేదు. కానీ చెబితే మందు ఆపేస్తారు. కీమో అంతా భరించింది, రేడియేషన్‌కు బల్ల మీద శవంలా పడుకుంది, ఊరికే కూర్చుని రోజులు లెక్కపెట్టింది, అంతా ఈ వంతు కోసమే. వంతు వచ్చాక లేచి వెళ్లిపొమ్మంటే ఎలా? వచ్చే మంగళవారం ఇంకోటి ఉంది. అది ఎక్కాక చెబుతాను. ఒక్కటి.

మీకు చెప్పాను, కాస్త తేలికైంది.

యార్డు బావ


మే 31

బావగారూ,

ఈ ఉత్తరం మీకు చేరేసరికి నేనేం చేశానో మీకు తెలిసిపోయే ఉంటుంది. అయినా రాస్తున్నాను. తిట్టుకోవడానికి కాగితమైనా ఉంటుంది.

మీ ఉత్తరం చదివి మొదట పలచటి జావ తాగమని రాయబోయాను. పేపర్లో చదివిన సగం వైద్యం నాకు చాలా తెలుసు. "జా" వరకు రాశాక చెయ్యి ఆగింది. సగం తెలిసిన ధీమాతోనే ఒకసారి మీకు మంచం మాట్లాడాను కదా అనిపించింది. మీరే ఒకప్పుడు చెప్పారు: వ్యాగన్ల మధ్యకు వెళ్లిన మనిషి చేతిదీపం కనపడకపోతే డ్రైవరు కారణం వెతకడు, బండి ఆపేస్తాడు. మీరు వ్యాగన్ల మధ్య ఉన్నారు. దీపం కనపడలేదు. కోడలికి ఫోన్ చేశాను.

"ఏంటి మామయ్యగారూ, పొద్దున్నే?"

"మీ నాన్నకు కడుపు పాడైంది."

"ఎప్పట్నుంచి? మీకెలా తెలుసు?"

"నాకు తెలియకూడదు, నీకు చెప్పకూడదు. రెండూ అయిపోయాయి. ముందు డాక్టరమ్మకు ఫోన్ కొట్టమ్మా, నన్ను తర్వాత తిడుదువుగాని."

"నెత్తురు పడుతోందా?"

"జీర" అన్నాను. ఫోన్ పెట్టేసింది.

మాట తప్పాను. తిరుగులేదన్న మాటే తిరిగింది. మీ చెల్లెమ్మ "మంచి పని చేశారు" అంది. ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఎంత అరుదో మీకు తెలుసు. అయినా అన్నం సయించలేదు.

రంగుల బావ


జూన్ 2

అయ్యా,

ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. మందు ఆపేశారు. మీరు కోరుకున్నట్టే అయింది.

మీ మాట ఇంత పలచనని తెలిస్తే గోడకు చెప్పుకునేవాణ్ణి. గోడ మంచిదని మీరే రాశారుగా. ఇక నాకు ఉత్తరాలు రాయకండి.


జూలై 6

యార్డు బావగారికి,

రాయొద్దన్నారు. ఒకసారి మీరు జోక్యం వద్దంటే మాట విని గోడల గురించి రాశాను, అప్పుడూ తిట్లే తిన్నాను. అందుకని ఈసారి విననే విననని నిశ్చయించుకున్నాను.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారని అబ్బాయి చెప్పాడు. అంతకుమించి వాడు చెప్పడు, వాడి నోరు కూడా బోల్టు బిగించినట్టే ఉంటుంది. కోడలు మాత్రం నాతో బాగానే మాట్లాడుతోంది. కానీ ఒక మాట అడిగింది. "మామయ్యగారూ, మా నాన్న మీకు చెప్పుకున్నాడు, నాకెందుకు చెప్పలేదు? నేనేం తప్పు చేశాను?" అంది. నేను ఏవో తిమింగలాల గురించి మాట్లాడి ఫోన్ పెట్టేశాను. ఆ జవాబు నేనిచ్చేది కాదు బావగారూ. నాతో మాట్లాడకపోతే పోనీయండి. ఆ పిల్లతో మాట్లాడండి. షాపులో అందరి కళ్లూ పరీక్ష చేసే పిల్ల, ఇంట్లో తన కళ్లకే కనపడలేదే అని కుమిలిపోతోంది.

మీ మందు ఆగాలని నేను కోరుకోలేదు. మీరు ఆగకూడదని కోరుకున్నాను. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డొస్తాయని నాకు ఆ పొద్దునే తెలిసింది.

రంగుల బావ


జూలై 29

రంగుల బావగారికి నమస్కారాలు.

కాస్త నీరసం తప్ప బాగానే ఉన్నాను. తిట్టిన చేత్తోనే ఇది రాస్తున్నాను, కాబట్టి మెచ్చుకోళ్లు ఎక్కువ ఆశించకండి.

పేగు లోపల పుండై, ఎర్రబడి ఉంది. "ఇంకో విడత ఎక్కించి ఉంటే చిల్లు పడేది" అని డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించింది. ఆమె బొమ్మలు బాగుంటాయి, విషయాలే బాగుండవు. కాపలావాళ్లను శాంతింపజేయడానికి స్టెరాయిడ్లు ఇచ్చారు. మెల్లమెల్లగా తగ్గించి, ఇప్పుడు అర మాత్రకు తెచ్చారు. కడుపు నిలబడింది.

గడ్డ ఫొటో తీశారు. కొద్దిగా చిన్నదైంది. నేను ఎగిరి గంతేయబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది. "రేడియేషన్ వల్లో, మందు వల్లో నాకు తెలియదు. ఎన్నాళ్లు ఇలా ఉంటుందో కూడా తెలియదు" అంది. ఆపినంత మాత్రాన మందు ప్రభావం ఆ రోజే పోదట, కొందరిలో కొన్నాళ్లు ఉంటుందట. అంటే నన్ను కుర్చీలోంచి లేపేసినా పని నడుస్తూ ఉండొచ్చు. ఈ సంగతి ముందే అడిగి ఉంటే దాచేవాణ్ణి కాదేమో. అడగలేదు. అడిగితే ఆపేస్తారని భయం.

స్టెరాయిడ్లు బాగా తగ్గాక మందు మళ్లీ మొదలుపెట్టి చూడొచ్చు, పెట్టకపోనూవచ్చు, రెంటిలోనూ ప్రమాదం ఉంది, మీ ఇష్టం అంది. ఈసారి సంతకానికి ముందు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

మీ ఉత్తరం వచ్చిన రోజు తను అడిగిన మాట తనకే చూపించాను. చదివి, నా ఎదురుగా కూర్చుంది. "ఎందుకు నాన్నా?" అంది. పెదాల కదలికలోనే తెలిసింది, అరవలేదు. "అమ్మ పోయినప్పుడు నిన్ను చూశానమ్మా. మళ్లీ అలా చూడలేక" అన్నాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి మొహం కడుక్కొచ్చి, "చూడలేకపోతే కళ్లజోడు ఇస్తాను, ఫ్రీగా" అంది. నా కూతురేనని అప్పుడు నమ్మకం కుదిరింది.

మీ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. మీరు మాట తప్పినందుకు కాదు. తప్పినా సరైన పనే చేశారని ఒప్పుకోవాల్సి వస్తున్నందుకు. వియ్యంకుడి ముందు ఇంతకంటే అవమానం ఉంటుందా?

వచ్చే మంగళవారం మందు మళ్లీ ఎక్కిస్తారు. అమ్మాయి పెట్టిన షరతు ఒకటే: రోజూ పొద్దున్నే, షాపుకు వెళ్లకముందు, ఒంట్లో ఎలా ఉందో చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు. ఒప్పుకున్నాను.

ఈ ఉత్తరం కూడా పోస్టులో వేసే ముందు తన చేతికే ఇచ్చాను. మొదటి వాక్యం చదివి నా వంక చూసింది. పెన్ను తీసుకుని "కాస్త" మీద గీత కొట్టింది, "తప్ప బాగానే ఉన్నాను" మీద ఇంకో గీత కొట్టింది. పోస్టులో నలిగి మాసిందనుకోకండి.

నీరసంగా ఉంది బావగారూ.

యార్డు బావ